ఉత్తరంలో ఒదిగిన వెబ్ పేజీ

ఈమెయిల్, వెబ్ పేజీ రెండూ ఇంటర్నెట్ మీదే నడుస్తాయి, ఒకే తెర మీద కనిపిస్తాయి. కానీ వాటి నడక వేరు. వెబ్ పేజీ తన సర్వర్‌లోనే ఉంటుంది. కావలసినవారు బ్రౌజర్ తెరిచి అక్కడికి వెళ్ళి చూస్తారు. పొద్దున ఉన్నది సాయంత్రానికి మారవచ్చు, మర్నాటికి మాయమూ కావచ్చు. మెయిల్ అలా కాదు. ఒకసారి పంపాక అది పంపినవారి చేతిలో ఉండదు. అందుకున్నవారి ఇన్‌బాక్స్‌లో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. గుడిలో మూలవిరాట్టు కదలదు, ఊరేగింపుకి బయల్దేరేది ఉత్సవ విగ్రహం. వెబ్ పేజీని మెయిల్‌లో పెట్టి పంపడమంటే అలాంటి ఉత్సవ విగ్రహాన్ని సిద్ధం చేయడమే. రూపం పోలాలి, బరువు తగ్గాలి, దారిలో చెదరకూడదు. చెదరకుండా చేరడమే ఇందులో కష్టమైన భాగం.

మెయిల్ పుట్టినప్పుడు ఇలాంటి మోత దాని పని కాదు. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మొదటిసారి మెయిల్ పంపాడు. పేరుకీ యంత్రానికీ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టినవాడూ ఆయనే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎమ్‌టీపీ అనే నిబంధనావళి మెయిల్ రవాణాకి కట్టుబాట్లు పెట్టింది. ఆ దారిలో నడవగలిగేవి ఏడు బిట్ల ఆస్కీ గుర్తులు మాత్రమే. అంటే మొత్తం 128. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని అదుపు గుర్తులు, అంతే. ఒక్కో వరుస వెయ్యి గుర్తులు దాటకూడదు. బొమ్మకి చోటు లేదు, రంగుకి చోటు లేదు, తెలుగుకి అసలే లేదు. ఆ రోజుల్లో విదేశాల్లో చదువుకుంటున్న తెలుగువారు ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి అలా వాడుకలోకి వచ్చింది. ఏడు బిట్ల ఇరుకు దారికి సరిపడే తెలుగు అది.

ఈ ఇరుకుని వదిలించిన ఏర్పాటు పేరు మైమ్. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టైన్ పంపిన మెయిల్‌లో ఒక ఫొటో, ఒక పాట ముక్క జతగా వెళ్ళాయి. ఆయనా, మరో ముగ్గురూ కలిసి పాడుకునే బృందం ఫొటో అది, పాట కూడా వాళ్ళదే. మైమ్ అటాచ్‌మెంట్ చరిత్ర అక్కడ మొదలైంది. అదే ఏడాది జూన్‌లో మైమ్ నిబంధనలు అచ్చయ్యాయి, 1996లో సవరించిన రూపం వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో తిరిగే దాదాపు ప్రతి మెయిల్ ఆ కట్టుబాట్ల ప్రకారమే మూట కడుతుంది.

మైమ్ చేసిన పని తెలివైనది. పాత దారిని పగలగొట్టి కొత్త దారి వేయలేదు. ఆ దారిలో పోయే సరుకు రూపాన్నే మార్చింది. ఒకే మెయిల్‌ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం ముందు అది ఏమిటో చెప్పే చీటీ పెట్టింది. ఇది మామూలు అక్షరాలు, ఇది హెచ్‌టీఎమ్‌ఎల్, ఇది జేపీజీ బొమ్మ, ఇలా. ఆస్కీలో ఇమడని సరుకునంతా ఆస్కీ గుర్తుల్లోకి మార్చే పద్ధతులూ చెప్పింది. వాటిలో ముఖ్యమైనది బేస్ 64. మూడు బైట్ల సమాచారాన్ని తీసుకుని, దాన్ని నాలుగు మామూలు గుర్తులుగా రాస్తుంది. దారి మారదు గానీ సరుకు మూడో వంతు బరువెక్కుతుంది. ఆరు మెగాబైట్ల ఫొటో జతచేస్తే మెయిల్ ఎనిమిది మెగాబైట్లు దాటడానికి కారణం ఇదే.

తెలుగు అక్షరం మెయిల్‌లో ఎలా ప్రయాణం చేస్తుందో కూడా దీనివల్లే తెలుస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకి ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించి ఉంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు పడతాయి. ‘అ’ అనే అక్షరాన్ని బేస్ 64లోకి మారిస్తే దారిలో కనిపించేది నాలుగు గుర్తులు: నాలుగు అంకె, ఎల్, సి, ఎఫ్. అవతలి యంత్రం ఆ నాలుగింటినీ విప్పి మళ్ళీ ‘అ’ చేస్తుంది. ఏ బైటు ఏ అక్షరమో చెప్పే చీటీ తప్పిపోతే మాత్రం ఉత్తరమంతా చదవరాని గుర్తుల కుప్పగా తేలుతుంది. సబ్జెక్టు వరుసలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ వాడే ముక్క ఒక్కోటి 75 గుర్తులు మించరాదు. ముందూ వెనకా పెట్టాల్సిన గుర్తులు పోగా అందులో పదిహేను తెలుగు గుర్తులే పడతాయి. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికే నాలుగు గుర్తులు కావాలి: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. కాబట్టి మామూలు తెలుగు శీర్షిక కూడా ముక్కలు ముక్కలుగా వెళ్ళి, చివర అతుక్కుంటుంది. సరిగ్గా రాయని ప్రోగ్రాము అక్షరం మధ్యలో కోసిందంటే ఆ చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

ఇక వెబ్ పేజీ సంగతి. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో తయారుచేసిన హెచ్‌టీఎమ్‌ఎల్ నిజానికి అక్షరాలే. ఇది పేరా, ఇది శీర్షిక, ఇది లింకు అని చెప్పే గుర్తులు మధ్యమధ్య ఉంటాయి, అంతే తేడా. కనుక దాన్ని మెయిల్‌లో ఒక భాగంగా పెట్టడం తేలిక. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్, అదే ఏడాది వచ్చిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఆ పని మామూలు వాడుకదారుల చేతికి అందించాయి. బొద్దు అక్షరాలు, రంగులు, పట్టికలు మెయిల్‌లోకి వచ్చాయి. అక్షరాలు మాత్రమే చదవగల ప్రోగ్రాములు వాడేవారు అప్పట్లో చాలామంది. వారి తెరల మీద సందేశం బదులు గుర్తుల అడవి కనిపించేది. అందుకు విరుగుడు మైమ్‌లో ముందే ఉంది. ఒకే విషయాన్ని రెండు రూపాల్లో, ముందు మామూలు అక్షరాలుగా, తర్వాత హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ఒకే మూటలో పెట్టవచ్చు. చదివే ప్రోగ్రాము తనకు చేతనైన వాటిలో చివరిది ఎంచుకుంటుంది. అందుకే మామూలు రూపం ముందు, అలంకరించిన రూపం తర్వాత. ఈ మామూలు రూపాన్ని చాలామంది పంపేవారు ఖాళీగా వదిలేస్తారు, లేదా ‘ఈ సందేశం చూడటానికి బ్రౌజర్ వాడండి’ అని ఒక వరుస రాసి ఊరుకుంటారు. అది బద్ధకం తప్ప మరోటి కాదు.

అక్షరాలు సులువుగానే చేరాయి. చిక్కంతా బొమ్మలతో. వెబ్ పేజీలో బొమ్మ ఉండదు, బొమ్మ ఉన్న చోటు చిరునామా మాత్రమే ఉంటుంది. పేజీని ఉన్నదున్నట్టు మెయిల్‌లో పెడితే ఆ చిరునామాలే వెళతాయి. అందులోనూ సగం చిరునామాలు పొట్టివి. ‘పక్క ఫోల్డర్‌లో ఉన్న ఫలానా బొమ్మ’ అన్నట్టు ఉంటాయి. ఇన్‌బాక్స్‌కి పక్క ఫోల్డర్ ఎక్కడిది? ఈ లోటు తీర్చడానికి యాకబ్ పాల్మె, అలెక్స్ హాప్‌మన్ తదితరులు 1997లో ఒక నిబంధన రాశారు, 1999లో సవరించారు. దాని పేరు ఎమ్‌హెచ్‌టీఎమ్‌ఎల్. పేజీ, దాని బొమ్మలు, దాని అలంకరణ అన్నీ ఒకే మెయిల్‌లో వేర్వేరు భాగాలుగా వెళతాయి. ప్రతి బొమ్మకీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. పేజీలో పాత చిరునామా తీసేసి ఆ సంఖ్య రాస్తారు. అప్పుడు ఇంటర్నెట్ లేకపోయినా, అసలు పేజీ చెరిగిపోయినా, మెయిల్‌లోని పేజీ చెక్కుచెదరదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘పేజీని మెయిల్‌గా పంపు’ అన్న వరుస ఈ ఏర్పాటు మీదే పనిచేసింది. కంప్యూటర్‌లో ఒక్క ఫైలుగా దాచుకునే ఎమ్‌హెచ్‌టీ ఫైళ్ళు కూడా ఇదే పద్ధతిలో తయారవుతాయి.

ఇంతకన్నా ముందే పేజీల్ని మెయిల్‌లో తెప్పించుకున్నవారున్నారు. వెబ్ తొలినాళ్ళలో చాలా దేశాల్లో మెయిల్ దొరికేది గానీ వెబ్ అందేది కాదు. ఒక పేజీ చిరునామా రాసి అగోరా అనే సర్వర్‌కి మెయిల్ పంపితే ఆ పేజీ అక్షరాలుగా తిరిగి వచ్చేది. ఇటలీలోని ట్రియెస్తెలో ఉన్న అబ్దుస్ సలాం భౌతికశాస్త్ర కేంద్రం పేద దేశాల శాస్త్రవేత్తల కోసం ఇలాంటి సేవనే నడిపింది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ని ప్రజలకు తెరిచినప్పుడు కూడా చవకగా దొరికిన షెల్ ఖాతాల్లో అక్షరాలే కనిపించేవి, బొమ్మలు కావు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపిన రిచర్డ్ స్టాల్మన్ ఈ అలవాటు మానుకోలేదు. తన ఆచూకీ సైట్లకు తెలియకూడదని, పేజీ తెచ్చి మెయిల్ చేసే ప్రోగ్రాము ద్వారానే ఎక్కువగా చదువుతానని ఆయన చెప్పుకున్నారు.

మెయిల్ చేరాక దాన్ని తెర మీద గీయాల్సింది అందుకున్నవారి ప్రోగ్రాము. పంపినవారి మాట అక్కడ చెల్లదు. దీనికి పెద్ద ఉదాహరణ అవుట్‌లుక్. 2007 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ హెచ్‌టీఎమ్‌ఎల్ మెయిళ్ళని గీసే పని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నుంచి తీసేసి వర్డ్‌కి అప్పగించింది. వర్డ్ పత్రాలు రాసే ప్రోగ్రాము, వెబ్ పేజీలు గీసేది కాదు. నేపథ్య బొమ్మలు పోయాయి, ఖాళీలు ఇష్టం వచ్చినట్టు మారాయి. డిజైనర్లు 2009లో ఉద్యమమే చేశారు, ఫలితం రాలేదు. ఆ ఒక్క నిర్ణయం వల్ల మెయిల్ తయారీ పదిహేనేళ్ళకు పైగా వెనకబడిపోయింది. వెబ్ ఎప్పుడో వదిలేసిన పట్టికల పద్ధతిలోనే, పట్టికలో పట్టిక పెట్టి, వెడల్పు ఆరువందల పిక్సెళ్ళకు కుదించి, అలంకరణ అంతా ఒక్కో పేరాలో విడివిడిగా రాసి మెయిళ్ళు తయారుచేయడం ఇప్పటికీ సాగుతోంది. మైక్రోసాఫ్ట్ కొత్త అవుట్‌లుక్‌లో వర్డ్‌ని పక్కన పెట్టింది. అయినా పాతది వాడే కార్యాలయాలు ఉన్నంతకాలం ఈ తిప్పలు తప్పవు.

బ్రౌజర్‌లో తెరిచే మెయిల్ సేవలది ఇంకో కథ. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ మొదలుపెట్టిన హాట్‌మెయిల్, 2004లో వచ్చిన జీమెయిల్ రెండూ స్వయంగా వెబ్ పేజీలే. వాటిలో ఒక ఉత్తరం తెరవడమంటే ఒక పేజీ లోపల ఇంకో పేజీని కూర్చోబెట్టడం. లోపలిది బయటిదాన్ని పాడు చేయకుండా చూడాలి. అందుకే ఆ సేవలు వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్‌ని ముందు జల్లెడ పడతాయి. జావాస్క్రిప్ట్ తీసేస్తాయి, అనుమానం కలిగించే అలంకరణ తీసేస్తాయి. పేజీ పైభాగంలో ఒకేచోట రాసిన స్టైల్ నియమాల్ని జీమెయిల్ 2016 సెప్టెంబరు దాకా సరిగా పట్టించుకోలేదు. సందేశం బరువు 102 కిలోబైట్లు దాటితే మిగిలినది కోసేసి ‘మొత్తం చూడండి’ అన్న లింకు పెడుతుంది. ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు గనుక అదే పొడవున్న ఇంగ్లిష్ ఉత్తరం కన్నా తెలుగు ఉత్తరం ఆ హద్దుని ముందే తాకుతుంది.

ఫాంటు కూడా పంపినవారి చేతిలో లేదు. వెబ్ పేజీ తన ఫాంటుని వెంట తెచ్చుకోగలదు. జీమెయిల్‌లోకి వచ్చేసరికి ఆ వీలు ఉండదు. కాబట్టి అందమైన శీర్షిక ఫాంటుతో రాసిన తెలుగు వార్తాలేఖ కూడా చదివేవారి యంత్రంలో ఏది ఉంటే దానిలోనే కనిపిస్తుంది. విండోస్‌లో గౌతమి లేదా నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో. అక్షరాన్ని గీసే భారం అందుకున్న యంత్రానిదే అనడానికి 2018 ఫిబ్రవరి నాటి సంఘటన ఒకటి గుర్తుంచుకోదగ్గది. జ, ఞ కలిసిన ఒక తెలుగు అక్షర సముదాయం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో దాన్ని చూపే యాప్ కుప్పకూలిపోయేది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయాల్సిన ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

జావాస్క్రిప్ట్‌ని మెయిల్ ప్రోగ్రాములు ఎందుకు రానివ్వవో తెలియాలంటే 1999కి వెళ్ళాలి. అప్పటిదాకా మెయిల్ ద్వారా వైరస్ రావాలంటే అటాచ్‌మెంట్ తెరవాలి. ఆ ఏడాది నవంబరులో బయటపడ్డ బబుల్‌బాయ్ అనే వైరస్‌కి ఆ అవసరం కూడా లేకపోయింది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో దాగిన ఆదేశాలు, మెయిల్‌ని చూసినంత మాత్రాన అవుట్‌లుక్‌లో నడిచిపోయాయి. అది పెద్దగా వ్యాపించలేదు. దాని అడుగుజాడల్లో నడిచిన కాక్ అనే వైరస్ మాత్రం అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో సంతకంగా దాక్కుని, పంపిన ప్రతి మెయిల్‌తోనూ వెళ్ళింది. ఆ అనుభవం తర్వాత మెయిల్‌లో ప్రోగ్రాము నడిపించే ఆలోచనకి తలుపులు మూసుకున్నాయి. గూగుల్ 2019లో ఏఎమ్‌పీ అన్న పేరుతో కొంత కదలిక ఉండే మెయిళ్ళని అనుమతించింది గానీ, అదీ గట్టి కట్టుబాట్ల మధ్యనే.

దూరపు సర్వర్ నుంచి వచ్చే బొమ్మ అంతగా భయపెట్టదు, కానీ అంతకన్నా లోతుగా చొరబడుతుంది. కంటికి కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మని మెయిల్‌లో పెడతారు. ఉత్తరం తెరవగానే ఆ బొమ్మ కోసం పంపినవారి సర్వర్‌కి కబురు వెళుతుంది. ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు, దాదాపు ఏ ఊరి నుంచి తెరిచారు అన్నీ అక్కడ నమోదవుతాయి. 2003 నాటి అవుట్‌లుక్ ఇలాంటి బొమ్మల్ని అడిగితేనే చూపేట్టు చేసింది. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మల్ని తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపుతోంది. దానితో చదివేవారి ఐపీ చిరునామా పంపినవారికి అందదు. ఆపిల్ 2021లో ఇంకో అడుగు వేసి, తన మెయిల్ యాప్‌లో ఈ రక్షణ ఎంచుకున్నవారికి, ఉత్తరం తెరిచినా తెరవకపోయినా బొమ్మల్ని ముందే తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. ఎందరు తెరిచారన్న లెక్కకి ఆ తర్వాత విలువ తగ్గింది. 2018లో జర్మనీ, బెల్జియం పరిశోధకులు బయటపెట్టిన ఈఫెయిల్ లోపం కూడా బొమ్మ చిరునామాతో ఆడిన ఆటే. రహస్యలిపిలో ఉన్న సందేశాన్ని ఆ చిరునామాలో భాగం చేస్తే, మెయిల్ ప్రోగ్రామే దాన్ని విప్పి దాడిచేసినవారి సర్వర్‌కి చేరవేసేది.

సామాన్యుడి జేబుకి చిల్లుపెట్టేది మాత్రం లింకు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో లింకుకి రెండు ముఖాలుంటాయి. పైకి కనిపించే మాట ఒకటి, లోపల దాగిన చిరునామా ఇంకొకటి. పైన బ్యాంకు పేరు రాసి లోపల దొంగ సైటు పెట్టడానికి ఏ సాంకేతిక నైపుణ్యమూ అక్కర్లేదు. బ్యాంకు లోగో, రంగులు, సంతకం అన్నీ అసలు పేజీ నుంచే ఎత్తుకురావచ్చు కూడా. కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ నిలిపితే, ఫోనులో లింకుని నొక్కి పట్టుకుంటే అసలు చిరునామా కనిపిస్తుంది. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే భారతదేశంలో 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. పంపినవారెవరో నిర్ధారించడానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లున్నాయి. పెద్ద ఎత్తున మెయిళ్ళు పంపేవారు వీటిని పాటించాలని, చందా మానుకోవడానికి ఒక్క నొక్కుతో పనయ్యే వీలు ఇవ్వాలని గూగుల్, యాహూ 2024 నుంచి పట్టుబడుతున్నాయి. అయితే ఇవి పంపిన డొమైన్‌కి మాత్రమే హామీ, లోపలి మాటకి కాదు.

వెబ్ పేజీని ఎవరికైనా పంపాలనుకున్నప్పుడు ఉన్న దారులు కొన్నే. తాజా సమాచారమే ముఖ్యమైతే లింకు ఒక్కటి పంపి, అందులో ఏముందో రెండు వరుసలు రాస్తే సరిపోతుంది. ఉన్నది ఉన్నట్టు దాచుకోవాలంటే పీడీఎఫ్ చేసి జతపరచడం మేలు. బ్రౌజర్‌లో కాపీ చేసి మెయిల్‌లో అతికించడం అందరికీ అలవాటే. దానివల్ల మెనూలు, ప్రకటనలు, విరిగిన పట్టికలు కూడా వెంట వస్తాయి. అందుకే ముందు బ్రౌజర్‌లోని రీడర్ మోడ్‌లో తెరిచి, ఆ శుభ్రమైన పాఠాన్ని అతికించాలి. ఇతరుల రచన అయితే మొత్తం ఎత్తిపెట్టడం కన్నా కొంత భాగం, లింకు ఇవ్వడం న్యాయం.

సంస్థల పేరుతో మెయిళ్ళు పంపేవారు ఒక అలవాటు మానుకోవాలి. ఆహ్వాన పత్రిక మొత్తాన్ని ఒకే బొమ్మగా తయారుచేసి, ఉగాది సభకీ పుస్తకావిష్కరణకీ అదొక్కటే పంపుతుంటారు. బొమ్మలు ఆపేసుకున్నవారికి అది తెల్ల కాగితం. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కి అందులో చదవడానికి ఒక్క అక్షరమూ ఉండదు. ఆరు నెలల తర్వాత ఇన్‌బాక్స్‌లో వెతికితే దొరకదు. బొమ్మ ఉండనివ్వండి, దాని కింద తేదీ, వేళ, వేదిక, ఫోన్ నంబరు అక్షరాల్లో రాయండి. అందరికీ పంపేముందు బొమ్మలు ఆపేసిన ఫోనులో ఒకసారి తెరిచి చూడండి. సభ ఎప్పుడో ఎక్కడో దానిలో తెలిస్తే ఆ మెయిల్ పంపడానికి సిద్ధమైనట్టే.